పేరడిగే తలుపు

ఆ ఆసుపత్రిలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి లిఫ్టు నడిపే మనిషి దాకా అందరికీ అతను తాళాలాయనే. ఇప్పుడతని చేతిలో తాళాలేమీ లేవు, కంప్యూటర్లు చూసుకుంటాడు. ఇరవై ఆరేళ్ళ కిందట రికార్డు గది గుమాస్తాగా చేరినప్పుడు నడుముకి తాళాలగుత్తి వేలాడేది. గుత్తి పోయింది, పేరు మాత్రం వదల్లేదు.

తాళాలాయనకి ముక్కుమీద కోపం అని అంటుంటారు. అది అన్యాయమైన మాట. అతనికి ఒక్క విషయంలోనే కోపం. పదిమంది వాడుకునే తాళంచెవి ఒకటి కంటబడిందా, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకెక్కుతుందో తెలుసుకుంటే మీకూ ఎక్కుతుంది.

రికార్డు గది చెవి గుమాస్తా దగ్గరే ఉండాలని రూలు. అయితే ఫైలు కావాల్సొచ్చినప్పుడల్లా గుమాస్తాని వెతుక్కోవడం డాక్టర్లకి నామోషీ అయింది. అప్పటి సూపరింటెండెంటు గుమ్మం పక్కన గోడకి ఒక మేకు కొట్టించి, "చెవి దీనికి తగిలించెయ్, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు" అన్నాడు. ఏడాది తిరక్కుండానే కోర్టుకి పంపాల్సిన ఫైలొకటి మాయమైంది. గది ఎవరి అధీనం అన్నారు. గుమాస్తా అధీనం. అంతే, ఆరు నెలలు సస్పెన్షను. మేకు కొట్టించిన మనిషే విచారణలో కుర్చీ వేసుకుని కూర్చుని, "చెవి భద్రంగా పెట్టుకోవాల్సింది నువ్వే కదయ్యా" అన్నాడు. ఆ గదిలో ఉన్న వాళ్ళందరూ మేకుని చూసినవాళ్ళే. అందరూ నీళ్ళు నమిలారు. మగవాళ్ళ వార్డులో కొత్తగా చేరిన ఒక సిస్టరు మాత్రం లేచి, "మేకుందండీ. నేను కూడా దానిమీంచి చెవి తీసుకున్నాను" అంది. ఆ మాటకి ఆమె మీద రెండేళ్ళు రాత్రి డ్యూటీలు పడ్డాయి.

ఆ ఆరు నెలలూ ఇంట్లో కుట్టుమిషను ఆగలేదు. భార్య వీధి వీధంతా జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. చివరికి ఆ ఫైలు సూపరింటెండెంటు బీరువాలోనే, పాత డైరీల కింద దొరికింది. తప్పయిందని ఒక్కడూ అనలేదు. మళ్ళీ పనిలోకి రమ్మంటూ పంపిన ఉత్తరంలో మాత్రం 'దయతో' అని రాశారు. చెయ్యని తప్పుకి దయేమిటి? ఆ ప్రశ్న అతను ఎవర్నీ అడగలేదు. ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకుని అడిగే ధైర్యం లేక సంతకం పెట్టి పనిలో చేరాడు. ఆ సంతకం అతన్ని ఇప్పటికీ పొడుస్తూనే ఉంటుంది.

తర్వాత కాగితాలు పోయి కంప్యూటర్లొచ్చాయి. వాటితో వేగలేక మిగతా గుమాస్తాలు దండం పెట్టేస్తే, ఇతను పుస్తకాలు తెచ్చుకుని కుస్తీ పట్టాడు. నాలుగేళ్ళలో ఆసుపత్రి కంప్యూటర్లన్నీ అతని నెత్తిమీదే పడ్డాయి. అప్పుడు చూశాడు వార్డుల్లో ఏం జరుగుతోందో. అన్ని వార్డులకీ కలిపి ఒకే పేరు, 'వార్డు'. ఒకే పాస్‌వర్డు. దాన్ని చీటీ మీద రాసి ప్రతి కీబోర్డు కిందా అతికించారు. చీటీ చిరిగిపోతే పాపం శ్రద్ధగా కొత్తది కూడా రాసి పెడుతున్నారు. మేకు పోయి చీటీ వచ్చింది! ఆ రోజు ఒక్కో వార్డుకీ వెళ్ళి చీటీలు గీకి పారేశాడు. సాయంత్రానికల్లా మళ్ళీ మొలిచాయి.

అప్పుడు గేటు పెట్టాలని పట్టుబట్టాడు. కంప్యూటర్ల పనివాళ్ళు దాన్ని ప్రాక్సీ అంటారు, ఆసుపత్రిలో అందరూ గేటనే అన్నారు. అంతకు ముందు ఆసుపత్రి వైరు తగిలించుకున్న ప్రతి కంప్యూటరూ లోపలి మనిషే. లోపలికొచ్చాక మందుల చీటీలు, రక్తపరీక్షలు, సిబ్బంది ఫైళ్ళు, అన్నీ బార్లా తెరిచిన గదులే. గేటు పెడితే ప్రతి ప్రోగ్రాం ముందూ ఒక తలుపు నిలబడుతుంది. నువ్వెవరని అడుగుతుంది. పాస్‌వర్డొక్కటే చాలదు, ఫోన్లో అరనిమిషానికోసారి మారే ఆరంకెల నంబరు కూడా చెప్పాలి. ఈ గదిలో నీకు పనుందో లేదో చూసుకుంటుంది. ఉంటే లోపలికి పంపిస్తూ, ఫలానా మనిషి వస్తున్నాడని ప్రోగ్రాంకి చెబుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటరు నుంచి వచ్చారో తన రిజిస్టరులో రాసుకుంటుంది.

ఈ పని మేం చేసిపెడతామని బయటి కంపెనీ ఒకటి వచ్చింది. తాళాలాయన అడ్డం తిరిగాడు. "మన రోగుల సంగతులు పరాయివాళ్ళ ఇంట్లోంచి పోయి రావడమేంటి సార్? ఎవరికైనా ఊరికే ఇచ్చే ప్రోగ్రాంలున్నాయి. మన మిషను మీద నేనే పెడతాను." దుప్పట్ల గది పక్కన కిటికీ లేని చిన్న గదిలో, ఎవరికీ అక్కర్లేని పాత మిషనొకటి దుమ్ము దులిపి దానిమీద పెట్టాడు. రూల్సు ఫైలు తన చేత్తో రాశాడు. ఏ మనిషికి ఏ గదో, ఏ గది ఎంతసేపో.

మొదటివారం తల ప్రాణం తోకకొచ్చింది. గేటు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. సరైన నంబరు కొట్టినా తప్పంటుంది. వార్డులన్నీ ఒక్కటై అతన్ని తిట్టిపోశాయి. మూడు రోజులు రూల్సు ఫైలు అక్షరం అక్షరం చదివాడు, ఏమీ లేదు. చివరికి గోడమీద గడియారం చూసి తల కొట్టుకున్నాడు. పాత మిషను గడియారం ఏడు నిమిషాలు వెనకుంది. ఫోన్లేమో ఇప్పటి నంబరు చెబుతున్నాయి, మిషనేమో ఏడు నిమిషాల కిందటి నంబరు అడుగుతోంది. గడియారం సరిచేస్తే అన్నీ సరయ్యాయి. "ఇంట్లో కూడా మీ గడియారం అంతేగా" అంది భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ.

సిస్టర్లు సణిగారు, అలవాటు పడ్డారు. అప్పటి ఆ సిస్టరు ఇప్పుడు మగవాళ్ళ వార్డుకి పెద్ద సిస్టరు. ఆవిడ తన వార్డులో చీటీలు తనే పీకేసి, ఫోను జేబులో పెట్టుకోని కుర్ర సిస్టర్లని గద్దించి మరీ దారికి తెచ్చింది. అలవాటు పడనిది ఒక్క పెద్ద డాక్టరే. ఆసుపత్రికంతటికీ పెద్ద ఆయన. రోగుల రికార్డు ముట్టుకోకుండా పావుగంట ఉంటే గేటు మళ్ళీ పేరడుగుతుంది. అదీ ఆయన బాధ.

"ఏవయ్యా, నా ఆసుపత్రిలో నన్నే ఎవరని అడుగుతుందా నీ గేటు?"

"అందర్నీ అడుగుతుంది సార్."

"నేను అందర్లో ఒకణ్ణా? నా గదికి ఆ గొడవ తీసెయ్."

నాలుగు రోజులు కుదరదన్నాడు తాళాలాయన. ఐదో రోజు, గేటే పీకించేస్తానని కబురొచ్చింది. గేటు మొత్తం పోయే బదులు ఒక్క కంత మేలనుకున్నాడు. రూల్సు ఫైల్లో ఒక వరుస చేర్చాడు. పెద్ద డాక్టరు గది కంప్యూటరు నుంచి రోగుల రికార్డుకి ఎవరొచ్చినా పేరడక్కుండా పంపించు. ఆ వరుస పైన 'తాత్కాలికం' అని రాసి, తారీకు వేసి, తన పేరు పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలు గడిచాయి. తాత్కాలికం అని రాసిన చోట ఎక్కడైనా వెళ్ళి చూడండి, అక్కడున్నదే అన్నిటికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం పెద్ద సిస్టరు అతని గదికొచ్చింది. పాతికేళ్ళలో ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడలేదతను.

"తమ్ముడూ, నన్ను రేపట్నుంచి రావద్దన్నారు."

జరిగింది ఇదీ. ముందు రోజు పొద్దున తొమ్మిదికి ఆవిడ ఒక రోగికి రక్తపోటు మందు ఇచ్చింది. కంప్యూటరులో పెద్ద డాక్టరు రాసింది పది మిల్లీగ్రాములని ఉంది, పదే ఇచ్చింది, మందుల చార్టులో పదనే రాసుకుంది. పదకొండు గంటలకి రోగి కళ్ళు తేలేశాడు. బతికాడు, రెండు రోజులు పర్యవేక్షణలో ఉంచాలన్నారు. మధ్యాహ్నం రికార్డు తెరిచి చూస్తే అక్కడ ఐదని ఉంది! నేను ముందునుంచీ ఐదే రాశానన్నాడు పెద్ద డాక్టరు. ఆ ప్రోగ్రాం పాతది, ఎవరు చివరిగా దిద్దారో ఒక్కటే చూపిస్తుంది. 'చివరిగా దిద్దినవారు: వార్డు, 11:40.' వార్డంటే ఎవరు? వార్డు పెద్ద సిస్టరే కదా! తప్పు మందిచ్చి, పైగా రికార్డు కెలికిందని కాగితం చేతికిచ్చారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరయ్యే మనిషికి.

"నేను దిద్దలేదు తమ్ముడూ. నేను నా పేరుతోనే వెళ్తాను, నీకు తెలుసు కదా. నీ గేటు రాసుకుంటుంది కదా, చూడు."

అతను అక్కడికక్కడే రిజిస్టరు తెరిచి చూశాడు. వార్డు కంప్యూటర్ల నుంచి 11:40కి ఎవరూ వెళ్ళలేదు. పెద్ద డాక్టరు గది నుంచి వెళ్ళారు. పేరు దగ్గర ఖాళీ. గేటు పేరడగలేదు కాబట్టి ప్రోగ్రాంకి ఏ పేరూ చెప్పలేదు. ఏ పేరూ రాకపోతే ఆ పాత ప్రోగ్రాం ఏం చేస్తుంది? తనకు మొదట్నుంచీ తెలిసిన పేరు రాసుకుంటుంది, 'వార్డు'. చీటీల కాలం నాటి ఆ పేరుని తీసేద్దాం తీసేద్దామనుకుంటూ, ఎప్పుడైనా అవసరమవుతుందేమోనని ఉంచింది తాళాలాయనే. ఎనిమిది నెలలుగా ఆ గదిలో కూర్చుని దిద్దిన ప్రతి దిద్దుబాటూ సిస్టర్ల నెత్తిన పడుతూనే ఉంది. ఎవరు దిద్దారో ఎవరూ చూడరు, తప్పు ఎవరిమీదో తోసెయ్యాల్సిన రోజు వస్తే తప్ప.

ఈసారి మేకు కొట్టింది అతనే. ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక, "రేపు మాట్లాడతానక్కా" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు పిలిచాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి కుర్చీ చూపించాడు.

"ఆ గేటు రిజిస్టరు ఎన్నాళ్ళ వరకూ ఉంటుందయ్యా?"

"ఏడాది సార్."

"అంత ఎందుకు? మిషను నిండిపోదూ? వారం దాటినవి తీసేస్తూ ఉండు." కాసేపు పెన్ను తిప్పాడు. "విచారణ వచ్చే సోమవారం. నీ రూల్సు ఫైలు కూడా అడుగుతారేమో. నా గదికి తలుపు తీసిపెట్టింది ఎవరంటే నీ పేరే కదా ఉంటుంది అక్కడ. నీ మంచికే చెబుతున్నా."

ఎంత చక్కగా చెప్పాడో చూడండి! బెదిరింపుకి కూడా కుర్చీ వేసి మర్యాద చేశాడు. తాళాలాయన లేచి బయటికి నడిచాడు. దుప్పట్ల గది పక్కకి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. బయటి కంపెనీకిచ్చి ఉంటే రిజిస్టరు ఎక్కడో ఉండేది, అతని చేతిలో ఉండేది కాదు. మనదే ఉండాలని పోట్లాడి తెచ్చుకున్నాడు. మిషను తనదే, రిజిస్టరు తనదే, తుడవడానికి చెయ్యి కూడా తనదే. ఒక్క వరుస చాలు. తుడిచేస్తే పెద్ద డాక్టరు బయటపడతాడు, తనూ బయటపడతాడు. మునిగేది సిస్టరొక్కతే.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను ఆపింది.

"మళ్ళీ సస్పెండ్ చేస్తారా?"

"చెయ్యచ్చు."

"చేస్తే చెయ్యనివ్వండి. కళ్ళు సరిగా కనపడకపోయినా చేతులు పని చేస్తాయి నాకు." మళ్ళీ తొక్కబోయి ఆగింది. "అప్పుడు విచారణ గదిలో ఆవిడ తప్ప ఎవరైనా నోరు విప్పారా చెప్పండి?"

అతను తినకుండానే లేచాడు. "ముందు తినండి, రిజిస్టరు ఎక్కడికీ పోదు" అని కసిరింది. కూర్చుని తిన్నాడు.

ఆ సాయంత్రం సిస్టరు ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిజం చెప్పేశాడు. ఆవిడ తలుపు పట్టుకునే అంతా వింది.

"అంటే నువ్వు ఆయనకి తలుపు తీసిపెట్టి, నా పేరు కాపలా పెట్టావన్నమాట."

"అవునక్కా."

"ఎనిమిది నెలలు!"

"అవునక్కా."

"సోమవారం అక్కడ కూడా ఇలాగే చెప్తావా, లేక నా గుమ్మంలోనేనా?"

"అక్కడా చెప్తాను."

"అయితే చెప్పాక రా. అప్పుడు టీ ఇస్తాను" అని తలుపేసుకుంది. ఆవిడ కోపం న్యాయమైన కోపం.

సోమవారం విచారణకి బయటినుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తాళాలాయన రెండు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. మొదటిది చదివాడు. ఎనిమిది నెలలుగా 'వార్డు' పేరుతో జరిగిన దిద్దుబాట్లలో ఒక్కటి కూడా వార్డు కంప్యూటర్ల నుంచి జరగలేదు. అన్నీ పెద్ద డాక్టరు గది నుంచే.

పెద్ద డాక్టరు నవ్వాడు. "నా గదిలోకి రోజుకి పదిమంది వస్తారండీ. ఎవరు ముట్టుకున్నారో నాకేం తెలుసు?"

ఒళ్ళు మండిపోయింది తాళాలాయనకి. పదిమంది వస్తారట! ఆ పదిమందిలో ఒకరిగా నిన్ను అడగకూడదని కదా నువ్వు గేటు తీయించుకున్నది! రెండో కాగితం తీసి చదివాడు.

"అదే రోజు, అదే కంప్యూటరండీ. 11:38కి ఆపరేషన్ల జాబితా, పెద్ద డాక్టరు గారి పేరు, ఆయన ఫోన్లో వచ్చిన ఆరంకెలు కొట్టి వెళ్ళారు. 11:40కి రోగి రికార్డు, పేరు లేదు. 11:43కి మళ్ళీ ఆపరేషన్ల జాబితా, మళ్ళీ ఆయన పేరే. ఆ ఐదు నిమిషాల మధ్యలో కుర్చీలో ఎవరొచ్చి కూర్చున్నారో సారే చెప్పాలి."

పెద్ద డాక్టరు నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"ఆ గదికి పేరడక్కుండా తలుపు తీసింది ఎవరు?" అంది పెద్దావిడ.

"నేనేనండీ. రూల్సు ఫైల్లో నా పేరే ఉంది, ఇదిగో. ఆయన అడిగితే తీశాను. అడిగినా తియ్యకూడదు. ఇవాళ పొద్దున్న మూసేశాను."

తీర్పు ఎలా ఉందో వినండి. సిస్టరు తప్పేమీ లేదు, పనిలోకి తీసుకోవాలి. తాళాలాయన భద్రతలో అలసత్వం చూపినందుకు మెమో. పెద్ద డాక్టరుకేమో, ఇకపై జాగ్రత్త వహించాలని సూచన. రోగి ప్రాణం మీదికి తెచ్చి, ఒక మనిషి పాతికేళ్ళ పేరు కాలరాసినందుకు సూచన! మెమో మీద తాళాలాయన వెంటనే సంతకం పెట్టాడు. అది తను చేసిన తప్పే కాబట్టి.

అంతటితో అయిపోలేదు. పనిలోకి తీసుకుంటున్నామని సిస్టరుకి ఉత్తరం రాయాల్సింది ఆసుపత్రి పెద్ద, అంటే మళ్ళీ ఆయనే. బుధవారం ఆఫీసు కిటికీ దగ్గర ఆవిడ ఉత్తరం అందుకుని, పెన్ను కోసం బ్యాగు వెతుక్కుంటోంది. తాళాలాయన అటుగా వెళ్తూ ఆవిడ భుజం మీదుగా చదివాడు. 'మీ సుదీర్ఘ సేవను దృష్టిలో ఉంచుకుని, దయతో విధుల్లోకి...'

"అక్కా, సంతకం పెట్టకు."

"పోనీలే తమ్ముడూ, పని దొరికింది కదా."

"నేనూ అలాగే పోనీలే అన్నాను అప్పుడు. పెట్టకు."

కాగితం లాక్కున్నంత పని చేసి పెద్ద డాక్టరు గదికి నడిచాడు. వెనకే ఆవిడ. తలుపు తట్టి, సమాధానం కోసం ఆగకుండా లోపలికెళ్ళి ఉత్తరం బల్లమీద పెట్టాడు.

"ఈ మాట తీసెయ్యండి సార్."

"ఏ మాటయ్యా?"

"దయతో అన్న మాట. తప్పు చెయ్యని మనిషి మీద దయ చూపించడానికి మీరెవరు?"

ఆ ప్రశ్న పాతికేళ్ళుగా అతని గొంతులో ఉంది. బయటికొచ్చేసరికి అతనే అదిరిపడ్డాడు. పెద్ద డాక్టరు మొహం ఎర్రబడింది. గుమ్మంలో నిలబడ్డ సిస్టరుని చూశాడు, ఆవిడ చూపు దించలేదు. విచారణకొచ్చిన పెద్దావిడ నివేదిక పనిమీద ఇంకా పక్క గదిలోనే కాగితాలు సర్దుకుంటోంది, ఆ సంగతీ ఆయనకి తెలుసు.

"మాటదేముంది, మార్చేస్తే పోయె" అని కంప్యూటరు ముందుకి జరిగి సిబ్బంది ఫైలు తెరవబోయాడు. గేటు అడ్డం వచ్చింది. మీరెవరు అంది. ఆయన తాళాలాయన వైపు చూశాడు. తాళాలాయన కదల్లేదు. ఆయన కోటు జేబులు తడుముకుని, ఫోను తీసి, అద్దాలు పైకి తోసుకుని, ఆరంకెలూ ఒక్కొక్కటిగా కొట్టాడు. మొదటిసారి తప్పు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మాట తీసేసి ప్రింటు ఇచ్చాడు.

సిస్టరు వెళ్ళి ప్రింటరులోంచి కాగితం తీసుకుంది. పైనుంచి చదవలేదు. అడుగున ఉన్న చిన్న అక్షరాల వరుస దగ్గరికి పట్టుకుని, గదిలో అందరికీ వినపడేలా చదివింది.

"చివరిగా దిద్దినవారు..." అని మొదలుపెట్టి, పెద్ద డాక్టరు పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చదివింది. తర్వాత సంతకం పెట్టి, తాళాలాయనతో, "పద తమ్ముడూ, టీ తాగుదువుగాని" అంది.